సుద్దతాడు కొట్టిన పాట

ఖరగ్‌పూర్‌లో నా అంత నిటారుగా అక్షరాలు వేసేవాడు లేడని నాకు గట్టి నమ్మకం ఉండేది. నమ్మకం అనడం మర్యాదకే గానీ, దాన్ని పొగరు అంటారు. అరవైల్లో నేను వర్క్‌షాపులో పెయింటర్ని. మరమ్మతై బయటికొచ్చే గూడ్సు పెట్టెల మీద నంబరు, బరువు, మళ్లీ ఎప్పుడు మరమ్మతుకు రావాలో ఆ తేదీ, ఇవన్నీ అక్షరాలు కత్తిరించిన రేకులు ఆనించి తెల్లరంగుతో వేయడం నా పని. దానికి ముందు సుద్ద పట్టించిన తాడును పెట్టె ఈ చివర నుంచి ఆ చివరికి బిగించి, మధ్యలో పట్టి లాగి వదలాలి. టప్పున ఓ తెల్లగీత పడుతుంది. అక్షరాలన్నీ బుద్ధిగా ఆ గీత మీద కూర్చోవాలి. ఏ ఒక్కటి కాస్త పైకి లేచినా మా చార్జ్‌మన్ దాదా దాని ముందు నిలబడి, ఇది నాచ్ చేస్తోందేమిటని బెంగాలీలో అడిగేవాడు. నా అక్షరాలు ఆయన సర్వీసులో ఒక్కసారీ నాచ్ చేయలేదు.

ఈ గీత పిచ్చి ఇంటికి కూడా వచ్చేసింది. మా ఆవిడ నవారు మంచం మీద వడియాలు పెడితే వెనకే వెళ్లి వరస సర్దేవాణ్ని. "నీకు పెల్లామెందుకు, సుద్దతాడుంటే సాలు" అనేది.

మా క్వార్టర్ల వరసలో చివరి ఇల్లు గార్డు మావది. ఆయన మాకు చుట్టం కాదు, మతం కూడా వేరు. కానీ మా నాన్న వయసువాడు, మా శ్రీకాకుళం వైపు మనిషి, అందుకని మావ. నన్ను అల్లుడూ అని పిలిచేవాడు. ఆయనకు ఆడపిల్లలు లేరు కనుక ఆ పిలుపుతో మా ఆవిడకు ఏ ఇబ్బందీ లేకపోయింది. గూడ్సు బండికి గార్డు. ఒకసారి లైను మీదికి వెళ్తే మూడు నాలుగు రోజులకు గానీ ఇల్లు చేరేవాడు కాదు. ఇంట్లో ఉన్న ఆదివారాలు సుభాష్‌పల్లి వైపు ఒక రేకుల షెడ్డులో తెలుగువాళ్లను పోగేసి ప్రార్థన పెట్టేవాడు, పాటలు పాడించేవాడు.

ఒక ఆదివారం పొద్దున్నే ఆయన పొడుగు కంటే వెడల్పు ఎక్కువున్న ఓ పాత పుస్తకం చంకలో పెట్టుకుని మా గుమ్మంలోకి వచ్చాడు. అది ఆయన లైను పెట్టెలో జెండాలతో, లాంతరుతో పాటు ఇరవై ఏళ్లు తిరిగిన పుస్తకం. అట్ట పోయింది. ఆముదం వాసన, బొగ్గు వాసన కలిసి కొడుతోంది.

"అల్లుడూ, ఇందులో ఒక పాట నాకు బోర్డు మీద ఏసి పెట్టాల," అన్నాడు.

తెరిచి చూస్తే ఇంగ్లీషు మాటల పైన ఐదేసి గీతలు, ఆ గీతల మీద చిన్న చిన్న బొమ్మలు. ముక్కోణం, గుండ్రం, నలుపలక. పిల్లల లెక్కల పుస్తకాన్ని తీసుకుని దేవుడి పాటలంటాడేమిటి ఈయన అనుకున్నాను.

అప్పుడు చెప్పాడు కథ. యుద్ధం రోజుల్లో ఈ చుట్టుపక్కల విమానాల మైదానాల్లో అమెరికా సైనికులు దిగారు. వాళ్ల సామాను మోసే గూడ్సుకు మావ గార్డు. సామానుకు కాపలాగా ఒక సైనికుడు వెనక బ్రేక్‌వ్యానులో ఎక్కేవాడు. వాళ్ల దేశంలో ఎక్కడో కొండల్లో మొక్కజొన్న పండించుకునే కుటుంబం వాళ్లది. బండి ఏ సిగ్నల్ దగ్గరో గంటల తరబడి నిలబడిపోతే, ఆ అబ్బాయి మావ లైను పెట్టె మీద కూర్చుని ఈ పుస్తకం తెరిచి పాడేవాడు, ఎక్కువగా ఈ ఒక్క పాటే. మావకు వచ్చిన ఇంగ్లీషుతో, ఆ అబ్బాయికి వచ్చిన చేతి సైగలతో ఇద్దరికీ స్నేహం కుదిరింది.

ఆ బొమ్మలే స్వరాలు. బడి మొహం చూడని రైతులు కూడా చూడగానే పాడేయాలని వాళ్ల ముత్తాతల కాలంలో ఎవరో స్వరాలకు ఆకారాలు పెట్టారట. ముక్కోణం ఫా, గుండ్రం సోల్, నలుపలక లా, పేకముక్కలో ఉండే డైమండు మీ. అంతే, నాలుగు. అంత పెద్ద దేశానికి నాలుగే స్వరాలా, మనకు ఏడున్నాయి గదా అని నేను జాలిపడితే, ఆ నాలుగే తిరిగి తిరిగి వస్తాయని మావ చెప్పాడు. మనవాళ్లు సరిగమలు పాడాకే సాహిత్యం అందుకున్నట్టు, వాళ్లు కూడా ముందు ఫా సోల్ లా అంటూ పాట మొత్తం పాడి, ఆ తర్వాతే మాటలు పాడతారు. వినేవాళ్లంటూ ఎవరూ ఉండరు. నాలుగు వైపులా ఎదురెదురుగా కూర్చుని అందరూ పాడేవాళ్లే. మధ్యలో ఒకడు నిలబడి చెయ్యి పైకీ కిందికీ ఆడిస్తాడు.

"ఇంకో మాట," అని మావ గొంతు తగ్గించాడు. "ఈ రాగం మొదట దేవుడిది కాదురా. ఆడి నాయనమ్మ ఎన్న సిలుకుతా పాడీదంట. ఒక పిల్ల పెళ్లికొడుకుని పీటల మీద ఒగ్గీసి, ఫిడేలు వాయించీవోడి గుర్రం ఎక్కి ఎలిపోయిన పాట. తరవాత్తరవాత ఎవరో భక్తుడు ఆ పిల్లని గుర్రం మీంచి దించీసి దేవుణ్ని ఎక్కించినాడు. ప్రార్థన కాడ ఈ మాట అనకు."

నాకు పాట మీద భక్తి కుదిరింది అప్పుడే.

ఒక రోజు ఆ అబ్బాయి పుస్తకం మావ చేతిలో పెట్టి, నువ్వు ఒక్కడివే పాడుకోకు, ఇరవై మందినైనా కూర్చోబెట్టి పాడించు అన్నాడట. మావ మాటిచ్చాడు. ఆ మర్నాటి నుంచి బ్రేక్‌వ్యానులో ఇంకెవరో ఎక్కారు. అతను ఏమయ్యాడో, ఇల్లు చేరాడో లేదో మావకు తెలియదు. ఇరవై ఏళ్లలో ఒక్కసారి కూడా ఆ పాట పదిమంది గొంతుల్లో వినలేదు. వచ్చే నెలాఖరుకు రిటైరవుతున్నాడు. క్వార్టరు వదిలి ఊళ్లోనే మలంచాలో అద్దెకు వెళ్లిపోతాడు. వెళ్లేలోగా ఒక్కసారి వినాలి. పుస్తకం ఒకటే ఉంది, అచ్చేమో చీమల బారు. అందుకని బోర్డు.

"బొమ్మ తప్పకూడదు. బొమ్మే ముక్యం," అన్నాడు రెండుసార్లు. నాలుగు వైపులవాళ్లకూ నాలుగు వరసలున్నా మూడో వరసలోదే అసలు రాగమనీ, అదొక్కటీ వేస్తే చాలనీ చెప్పి, దాని పక్కన పెన్సిల్‌తో గీత పెట్టాడు.

ఈ పని నాకు దొరకడం నా అదృష్టం, నేను దొరకడం ఆ పాట ఖర్మ. ప్యాకింగ్ పెట్టె చెక్కలు అతికించి నాలుగడుగుల బోర్డు చేశాను. నల్లరంగు పూశాను. నాలుగు ఆకారాలకూ నాలుగు రేకులు కత్తిరించాను. డైమండు కష్టం. నాలుగు మూలలూ సమానంగా రావాలి, రేకు చిరగకూడదు. దాని మీద ఒక గంట కూర్చున్నాను.

తర్వాత పుస్తకం ముందు పెట్టుకుని చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంది. ఒక్క బొమ్మ వరసలో లేదు. ఒకటి పై గీత మీద, ఒకటి కింది గీత మీద, ఇంకోటి రెండు గీతల మధ్య. వేసినవాడికి చెయ్యి నిలకడ లేదు, ఐదు గీతలు గీసుకుని కూడా ఒక్కదాని మీదా నిలబెట్టలేకపోయాడు, పాపం ఏ రాత్రి పూట వేశాడో అనుకున్నాను. మా చార్జ్‌మన్ దాదా చూస్తే ఆ రోజే పనిలోంచి తీసేసేవాడు. నా చేతి మీదుగా అలాంటిది వెళ్లనిస్తానా? సుద్దతాడు తీశాను. టప్, టప్, టప్, టప్. నాలుగు గీతలు, నాలుగు చరణాలు. బొమ్మలన్నిటినీ తెచ్చి గీత మీద కూర్చోబెట్టాను. నిండుగా ఉన్నవి నిండుగా, డొల్లగా ఉన్నవి డొల్లగా, ఒక్కటి మారలేదు. ఒక్కటి నాచ్ చేయలేదు.

అంతా అయ్యాక చూసుకుంటే డైమండు రేకు ఇంకా తళతళలాడుతోంది. రంగు అంటలేదు. ఆ పాటలో డైమండే లేదు. గంటసేపు కత్తిరించిన రేకు ఊరికే పోతుందా? ప్రతి చరణం చివరా అందానికి ఒక డైమండు వేశాను. బోర్డుకు కళ వచ్చింది.

మావ డ్యూటీకి పోతూ దారిలో ఆగి చూశాడు. అవతల బండి టైము. "ఎంత సుబ్బరంగా ఉందిరా, అచ్చేసినట్టుంది" అని నా భుజం తట్టి, పుస్తకం లైను పెట్టెలో పెట్టుకుని వెళ్లిపోయాడు. నేను ఆ వారమంతా కాస్త ఛాతీ విరిచి నడిచాను.

పాడేవాళ్లను పోగు చేయడం ఇంకో కథ. ప్రార్థనకు వచ్చేవాళ్లు పన్నెండు మందే. ఇరవై చేయడానికి మావ మా వరసలోని హిందువులను కూడా బతిమాలాడు. అలా వచ్చింది పాయింట్స్‌మన్ భార్య. ఆవిడను మా వరసంతా అప్ప అనేవాళ్లం. పెళ్లికి ముందు ఊళ్లో ఊడ్పుల దగ్గర పాట ఎత్తే మనిషి. మాట్లాడినా మూడు క్వార్టర్ల అవతలికి వినపడేది. "శనివారం ఎంకటేశ్వర్లకి దీపం పెడతన్నాను, ఆదివారం ఈ దేవుడికి పాడతన్నాను. ఇద్దరూ ఏటీ అన్లేదు," అనేది. నన్ను మాత్రం ఎవరూ పాడమనలేదు. నా గొంతు మా వరసలో అందరికీ తెలుసు.

మావ రెండు ఆదివారాలు కూర్చోబెట్టి, ఫా సోల్ లా ఫా సోల్ లా మీ అని మెట్టు మెట్టుగా ఎక్కడం, దిగడం నేర్పాడు. వార్నిష్ ఆరాలని బోర్డును అప్పటికి మా ఇంట్లోనే ఉంచాను. మూడో వారం నుంచి ఆయనకు వరసగా దూరం డ్యూటీలు పడ్డాయి. బోర్డు ఉంది గదా, మీరే పాడుకోండి, నా ఆఖరి ఆదివారం నాటికి తయారవ్వాలి అని చెప్పి వెళ్లాడు.

ఒక సాయంత్రం నేను నా బోర్డును చూసుకోవడానికి షెడ్డుకు వెళితే అప్ప కర్ర పట్టుకుని ఒక్కో బొమ్మనూ చూపిస్తూ పాడిస్తోంది. నన్ను చూసి ఆపింది.

"తమ్ముడూ, నువ్వే ఏసినావు గదా, సెప్పు. సోల్ కిందొకటుంది, పైనొకటుంది. ఈ గుండ్రం ఏ సోలు?"

నాకేం తెలుసు? తెలియదనడం కూడా తెలియదు. "బొమ్మ ఒక్కటే గదప్పా, మీకు ఏది బాగుంటే అదే పాడండి," అన్నాను, పెద్ద సంగీత విద్వాంసుడిలా. అప్ప నన్ను అదోలా చూసి తల ఊపింది.

ఆ ఆఖరి ఆదివారానికి నాలుగు రోజుల ముందు మావ ఇంటికి వచ్చాడు. లైను పెట్టె సర్దుకుంటుంటే నేను పక్కన కూర్చున్నాను. పుస్తకం బయటికి వచ్చింది. అచ్చు వేసినవాడి మీద నాకున్న జాలి కొద్దీ అన్నాను, "ఈల్ల బొమ్మలకి వరస లేదు మావా. నాను సరిసేసినాను గావట్టి సరిపోనాది."

మావ జెండా మడత పెడుతూ నవ్వాడు. "వరసేటి? పైనుంటే గొంతు పైకి, కిందుంటే కిందకి. అదే గదరా రాగం."

బోర్డు గురించి నేనన్నది ఆయన పట్టించుకోలేదు. ఇరవై ఏళ్లు ఒక మనిషి పెట్టెలో దాచుకున్న రాగాన్ని నేను సుద్దతాడు పెట్టి చదును చేసేశాను. ఆ మాట అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు. ఆయనేమో పెళ్లికి తయారవుతున్న మనిషిలా ఉన్నాడు.

తిన్నగా అప్ప దగ్గరికి పరుగెత్తాను. బియ్యం చెరుగుతోంది. జరిగింది చెప్పి, బోర్డు మళ్లీ వేస్తాను, నాలుగు రోజుల్లో నేర్చుకోగలరా అని అడిగాను. చేట ఆపకుండానే జవాబు చెప్పింది.

"నాకు ఎప్పుడో అనుమానమే. గార్డుగారేమో మెట్లన్నారు, నీ బోర్డేమో ప్లాట్‌ఫారంనాగుంది. నిన్నడిగితే ఏది బాగుంటే అది పాడమన్నావు. మా ఊరి ఊడ్పుల పాటొకటుంది. మొగుడి తలపాగా దాసీసి ఆన్ని బోడిబుర్రతో సంతకి తోలిన పాట. నీ బొమ్మలన్నీ ఆ పాట మీద కూకోబెట్టీసినాను. బాగా కుదిరినాది."

"మరి చివర డైమండు?"

"అది బలే ఉంటాది. పైకి ఎత్తి ఒగ్గుతాం. అందరికీ అదే ఇష్టం."

అందానికి వేశానని చెప్పడానికి నాకు ధైర్యం చాలలేదు. "ఇప్పుడు మార్సితే ఎవులికీ రాదు. నోర్మూసుకో," అని అప్ప చేట దులిపింది. నోరు మూసుకున్నాను.

ఆదివారం షెడ్డులో నాలుగు వైపులా బెంచీలు వేశారు. లెక్కపెట్టాను, ఇరవై ఇద్దరు. బోర్డు గోడకు తగిలించారు. ఇంకెప్పుడైనా అయితే అది నాకు గొప్ప రోజు. నేను గుమ్మం దగ్గర చెప్పులు వదలకుండా నిలబడ్డాను, అవసరమైతే పారిపోవచ్చునని. మావ ఉతికి గంజి పెట్టిన తెల్ల యూనిఫాంలో వచ్చి మధ్యలో నిలబడ్డాడు. ఆ యూనిఫాం వేసుకోవడం ఇంక రెండు రోజులే. చెయ్యి పైకెత్తాడు. బండికి పచ్చజెండా ఊపినట్టే ఆ చెయ్యి దించాడు.

అప్ప అందుకుంది. ఫా సోల్ లా అంటూ ఇరవై ఇద్దరూ ఒక్కసారి ఎత్తుకున్నారు. మొదటి చరణం సగంలో ఉండగానే మావ చెయ్యి గాల్లో ఆగిపోయింది. చరణం చివర డైమండు వచ్చింది. అందరి గొంతులూ కలిసి పైకి లేచి, అక్కడ ఒక క్షణం నిలబడి వదిలాయి. మావ తల తిప్పి బోర్డు చూశాడు. తర్వాత నన్ను చూశాడు. నేను కిందికి చూశాను. మళ్లీ తల ఎత్తేసరికి ఆయన చెయ్యి ఆడుతోంది.

బొమ్మలతో ఒకసారి పాడారు. మావ రాసిన తెలుగు మాటలతో ఒకసారి పాడారు. ఆయన మళ్లీ అన్నాడు. మళ్లీ పాడారు. మూడోసారికి అప్ప చేతులు ఊడ్పుల్లో కదిలినట్టు వాటంతట అవే కదులుతున్నాయి. తలపాగా పోగొట్టుకున్న మొగుడెవడో ఆ షెడ్డులో తిరుగుతున్నాడని నాకూ ఆవిడకూ తప్ప ఎవరికీ తెలియదు. ఆ భయంలో కూడా నాకు నవ్వొచ్చింది.

అందరూ టీలు తాగుతుంటే మావ నా దగ్గరికి వచ్చాడు.

"బుక్కులో ఈ పాటకి డైమండు ఒక్కటీ లేదు," అన్నాడు. "నువ్వు నాలుగు ఏసినావు."

"అందానికి మావా."

"అందానికా?"

"రేకు కత్తిరించీసినాను. ఊరికే పోతాదని."

ఆ తర్వాత ఇంక దాచలేదు. సుద్దతాడు సంగతి, అప్పకు నేనిచ్చిన సలహా, ఊడ్పుల పాట, మొగుడి తలపాగా, అన్నీ చెప్పేశాను. "నీ పాట పాడు సేసీసినాను మావా, ఇరవై ఏళ్లు దాసుకున్నావు," అన్నాను. అంత సిగ్గు నేను అంతకు ముందూ పడలేదు, ఆ తర్వాతా పడలేదు.

ఆయన టీ గ్లాసు బెంచీ మీద పెట్టాడు.

"ఆ అమెరికావోడి నాయనమ్మ పాడింది ఒకలాగ, బుక్కులోది ఒకలాగ అని ఆడే సెప్పినాడు. మద్దిన నీలాటోడు ఎవుడో తగిలుంటాడు."

"మరి నువ్వు ఇందామనుకున్నది?"

బోర్డు వైపు తిరిగాడు. "బుక్కు సూసి ఒక్కన్నే కూడబలుక్కుంటే ముక్కలు ముక్కలుగా వస్తాది గానీ పాట రాదురా. ఆడి గొంతులోది మొదటి లైనొక్కటే నాకు మిగిలింది. ఇన్నేళ్లూ డ్యూటీలో అదే పాడుకునీవోన్ని. ఇందాక మీరు మూడుసార్లు పాడినాక అదీ పోనాది. ఎంత ఎతికినా రాట్లేదు. ఇప్పుడు సెవుల్లో ఉన్నది మీదే."

గ్లాసు చేతిలోకి తీసుకుని ఆయనే మళ్లీ అన్నాడు.

"ఇరవై మందిని కూకోబెట్టమన్నాడు. ఇరవై ఇద్దర్ని కూకోబెట్టినాను. రేపు వార్నిష్ తెచ్చి బోర్డుకి ఇంకో కోటు వెయ్యి. డైమండ్లు సెరిపినావంటే ఊరుకోను."

మర్నాడు రెండు కోట్లు వేశాను.

మావ మలంచా వెళ్లాక కూడా ఆ పాట ఆగలేదు. పండుగలకూ, ఎవరి రిటైర్‌మెంట్‌కైనా బోర్డు దించి పాడేవారు. నేను గుమ్మం దగ్గరే నిలబడి వినేవాణ్ని. కొన్నేళ్లకు మావ పోయాడు. పుస్తకాన్ని ఆయన గుండెల మీద పెట్టారు. బోర్డును ఇద్దరు మోసుకొచ్చి శవపెట్టె ముందు గోడకు ఆనించారు. వార్నిష్ పచ్చబడింది గానీ వరస చెక్కుచెదరలేదు. నాలుగు వైపులా జనం నిలబడ్డారు. నేను అలవాటుగా వెనక్కి జరుగుతుంటే అప్ప వచ్చి నా మోచెయ్యి పట్టుకుంది.

"ఎక్కడికెల్తన్నావు? ఏసినోడివి నువ్వు. ఆ డైమండు నువ్వే పాడు."

నాకు పాడడం రాదని ఆవిడకు తెలుసు, అక్కడున్న అందరికీ తెలుసు. చరణం చివరికొచ్చింది. ఇరవై ఇద్దరిలో మిగిలినవాళ్లంతా ఆగి నా కోసం చూశారు. ఎత్తాను. గొంతు కీచుమంది, సగంలో విరిగింది. ఎవరూ నవ్వలేదు. అప్ప కిందినుంచి గొంతు అందించి నన్ను పట్టుకుంది, మిగతా మూడు డైమండ్లూ అలాగే పాడాను.